సిస్టమ్ మొరాయిస్తే ముందు ఫైళ్లు, తర్వాతే రిపేరు

రాత్రి షట్‌డౌన్ చేసినప్పుడు బాగానే ఉన్న డెస్క్‌టాప్ పొద్దున్నే బటన్ నొక్కితే పలకదు. లేదా పలికి, నల్లటి తెర మీద బూట్ డివైస్ దొరకలేదని ఇంగ్లీషులో ఒక ముక్క రాసి ఊరుకుంటుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ఆపి మళ్లీ ఆన్ చేయడం. ఒకసారి కాదు, విసుగు పుట్టేదాకా. ఆ తర్వాత దగ్గరలోని షాపుకు మోసుకెళ్లడం, అక్కడ ‘ఫార్మాట్ కొట్టాలండీ’ అనగానే సరేనని తలూపడం. సాయంత్రానికి సిస్టమ్ కొత్త పెళ్లికూతురిలా మెరుస్తూ ఇంటికి వస్తుంది, పిల్లల పన్నెండేళ్ల ఫోటోలు మాత్రం లేకుండా.

చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ కంప్యూటర్లు బాగుచేసి పెడుతూ వచ్చిన ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు, సిస్టమ్ పాడైన క్షణంలో పోయిన ఫైళ్లు తక్కువ. తర్వాతి గంటలో మన తొందర వల్ల పోయినవే ఎక్కువ. డెస్క్‌టాప్ పెట్టెలో పాడవగల భాగాలు అరడజను దాకా ఉంటాయి. ఫైళ్లు ఉండేది వాటిలో ఒక్కదానిలోనే, అదే డిస్కు. మిగతావన్నీ బజారులో కొనుక్కోవచ్చు. కాబట్టి కింద చెప్పే ప్రతి పనీ ఆ ఒక్క భాగాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పిందే.

ముందు చేయి వెనక్కి తీసుకోండి

పెట్టెలోంచి టక్... టక్... టక్ అని లయగా చప్పుడు వస్తోందా? షట్‌డౌన్ కోసం కూడా చూడకుండా గోడ దగ్గర స్విచ్ ఆపేయండి. మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. దాని మీద చదివే ముల్లు కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందమే దాదాపు 80 వేల నానోమీటర్లు. ఆ ముల్లు తన చోటు పోల్చుకోలేక వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి, మళ్లీ వెళ్తుంటే వచ్చే చప్పుడే ఆ టక్ టక్. అలా తిరిగే ప్రతిసారీ పళ్లెం మీద పూత గీసుకుపోయే ప్రమాదం ఉంది. గీసుకుపోయిన చోట ఉన్న ఫోటోను తర్వాత ఎవరూ తేలేరు.

విండోస్ తనంతట తాను డిస్కును పరీక్షిస్తానని, అంటే చెక్ డిస్క్ నడుపుతానని అడిగితే, ఏదో ఒక మీట నొక్కి వద్దనండి. అది చెడ్డ పనిముట్టు కాదు. కరెంటు పోయి ఫైళ్ల పట్టిక చెదిరినప్పుడు బాగానే సర్దుతుంది. కానీ అది డిస్కు మీద రాస్తుంది. ప్రాణం పోతున్న డిస్కు మీద రాయించడం ఆయాసంతో ఉన్న మనిషిని మెట్లెక్కించడమే. పైగా దానికి అర్థం కాని ఫైళ్లను ముక్కలు చేసి ‘ఫౌండ్.000’ అనే దాపుడు ఫోల్డర్‌లో పేర్లు లేకుండా పడేస్తుంది.

‘రీసెట్ దిస్ పీసీ’ అన్న ఎంపికను ఇప్పుడే ముట్టుకోవద్దు. ‘నా ఫైళ్లు ఉంచు’ అన్న వరుస అందులో ఉన్నా, అది మీరు ఎక్కించిన సాఫ్ట్‌వేర్లను తీసేస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ లాంటి చోట్ల ఏదో సాఫ్ట్‌వేర్ దాచుకున్న లెక్కల సంగతి దానికి పట్టదు. ఫైళ్లు వెలికితీసే సాఫ్ట్‌వేర్‌ను కూడా అదే డిస్కులోకి డౌన్‌లోడ్ చేయకండి. మీరు వెతుకుతున్న ఫైలు మీదే అది వచ్చి కూర్చోవచ్చు.

ఇక హార్డ్ డిస్కును పాలిథిన్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. బయటకు తీయగానే లోపల చెమ్మ పడుతుంది. ఆవకాయ జాడీలోకి తడి గరిట పెట్టనివాళ్లం, డిస్కు విషయంలో మాత్రం ఎందుకో నమ్మేస్తాం.

ఎక్కడ ఆగుతోందో చూడండి

బటన్ నొక్కాక సిస్టమ్ నాలుగు మజిలీలు దాటాలి: కరెంటు అందడం, తెర మీద బొమ్మ రావడం, డిస్కు దొరకడం, విండోస్ లేవడం. మీది ఏ మజిలీలో ఆగిందో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. తెర మీద ఏదైనా రాసి ఉంటే ఫోనుతో ఫోటో తీసుకోండి. ఎవరిని సలహా అడిగినా ‘ఏదో ఎర్రర్ వచ్చింది’ అనడం కంటే ఆ ఫోటో నయం.

అసలు ప్రాణమే లేకపోతే

ఫ్యాను తిరగదు, లైటు వెలగదు. ముందు యూపీఎస్‌ను పక్కనపెట్టి, సిస్టమ్ తీగను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి. రెండు మూడేళ్లు దాటిన యూపీఎస్ బ్యాటరీ చెప్పకుండా చేతులెత్తేస్తుంది, నింద సిస్టమ్ మీద పడుతుంది. పెట్టె వెనక, సిస్టమ్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా పక్కన ఉండే చిన్న స్విచ్ చూడండి. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఆగిపోయిన ఆ స్విచ్ కోసం నేను మూడు కిలోమీటర్లు బండి మీద వెళ్లిన రోజుంది.

అవి సరిగానే ఉంటే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదకు పోతుంది. వేసవిలో వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు ముందుగా బలయ్యేది అదే. ఒక్కోసారి వెచ్చదనం కోసం లోపలికి దూరిన బల్లి కూడా దాన్ని కాల్చేస్తుంది. కాలిన వాసన వస్తే ఇక పరీక్షలు వద్దు. దాని మూత విప్పకండి, తీగ పీకేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. పనిచేస్తున్న మరో ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి తగిలించి చూడటమే సరైన పరీక్ష.

ఈ మజిలీలో ఆగినవాళ్లకు ఒక శుభవార్త: ఫైళ్లకు ఏమీ అయి ఉండకపోవచ్చు. డిస్కుకు కరెంటే అందలేదు, అంతే.

ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నలుపు

మానిటర్ తీగ ఎక్కడ గుచ్చారో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో తీగను ఆ కార్డుకే పెట్టాలి, పైన మదర్‌బోర్డుకు (భాగాలన్నీ తగిలించే పెద్ద పలకకు) ఉన్న రంధ్రానికి కాదు. అది కాకపోతే ఎక్కువసార్లు దొంగ ర్యామే, అంటే సిస్టమ్ నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక జ్ఞాపకపు పట్టీ. దాన్ని తీసి పెట్టే పని భయపడినంత కష్టం కాదు.

తీగలన్నీ పీకేయండి. పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి ఉంచితే మిగిలిన కరెంటు దిగిపోతుంది. పక్క రేకు విప్పి, క్యాబినెట్ లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. ర్యామ్ పట్టీకి చివర్లో ఉన్న క్లిప్పును బయటికి నొక్కితే పట్టీ తనే పైకి లేస్తుంది. కింది అంచున బంగారు రంగు గీతలు వరుసగా కనిపిస్తాయి. వాటిమీద పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్దండి. మొదట రబ్బరు నల్లబడుతుంది, తర్వాత గీతలు తళతళలాడతాయి. రబ్బరు పొట్టును పొడి బ్రష్‌తో దులిపేయండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. పట్టీలోని గాడి సాకెట్‌లోని గట్టుకు సరిపడేలా పెట్టి, క్లిప్పు టప్పున పడేదాకా రెండు బొటనవేళ్లతో నొక్కండి. రెండు పట్టీలుంటే ముందు ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత రెండోది. ఏది పెట్టినప్పుడు తెర నల్లబడుతుందో అదే చెడింది.

మూత తీసి ఉంది కాబట్టి ప్రాసెసర్ మీది ఫ్యానును కూడా కాస్త కదిపి చూడండి. ఇంటెల్ ప్రాసెసర్ డబ్బాతోపాటు వచ్చే ఫ్యాను నాలుగు ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబడుతుంది. వాటిలో ఒక్కటి ఊడినా ప్రాసెసర్ కాగిపోయి, సిస్టమ్ తనంతట తాను ఆగిపోవచ్చు. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనివ్వద్దు.

ఇంతచేసినా తెర రాకపోతే మదర్‌బోర్డు సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. డిస్కు ఊడదీసి నేరుగా ఫైళ్లు తీసే దశకు వెళ్లిపోండి.

తెర వచ్చింది, విండోస్ రాలేదు

ఇక్కడి నుంచి జాగ్రత్త పెరగాలి. ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కుతూ బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల తెరలోకి వెళ్లండి. అక్కడ డిస్కుల జాబితాలో మీ డిస్కు పేరు ఉందా?

లేకపోతే, ఆపి, మూత విప్పి, డిస్కుకు వెళ్లే రెండు తీగలు చూడండి. వెడల్పుగా ఉన్నది కరెంటుకు, సన్నగా ఉన్నది డేటాకు. సన్నటి సాటా తీగ వదులు కావడం, లోపల తెగడం చాలా మామూలు విషయం. వందో నూటయాభయ్యో పెడితే కొత్తది వస్తుంది. తీగ మార్చి, మదర్‌బోర్డు మీద వేరే సాకెట్‌లో పెట్టి చూడండి.

డిస్కు కనిపిస్తున్నా విండోస్ లేవక, నీలి తెర మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వస్తోందా? బయాస్‌లోనే తేదీ, సమయం చూడండి. ఏళ్ల కిందటి తేదీ చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అనే ఆ 3 వోల్టుల బిళ్ల చచ్చిపోతే బయాస్ తన సెట్టింగులన్నీ మరచిపోతుంది. డిస్కుతో ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సాటా మోడ్ కూడా అందులో ఒకటి. విండోస్‌ను ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఎక్కించి ఉండగా బయాస్ మరో పద్ధతికి మారిపోతే, డిస్కు నిక్షేపంలా ఉన్నా విండోస్ లేవదు.

మా పక్కవీధిలో రిటైరైన తెలుగు మాస్టారి సిస్టమ్‌కు జరిగింది ఇదే. ఆయన పదేళ్లుగా తమ మండలంలోని ఊళ్ల పేర్లు, వాటి వెనక కథలు టైపు చేసుకుంటున్నారు. షాపులో హార్డ్ డిస్కు పోయిందన్నారట. ‘ఇంకేముంది నాయనా, ఆ ఊళ్లన్నీ మునిగిపోయాయి’ అన్నారు నాతో. బయాస్ తెరిస్తే తేదీ ఎప్పటిదో. బిళ్ల మార్చి, సాటా మోడ్‌ను మునుపటి పద్ధతికి తిప్పాను. విండోస్ లేచింది. ముప్పావు గంట పనిలో అరగంట ఆయన కాఫీ ఇప్పించడానికే పట్టింది. ఆ షాపువాళ్లు ఫార్మాట్ చేస్తామంటే ఆయన సరేనని ఉంటే ఏమయ్యేదో నేను ఆయనకు చెప్పలేదు.

విండోస్ వస్తుంది గానీ ఈడుస్తోంది

ఫోల్డర్ తెరిస్తే పచ్చగీత నత్తలా పాకుతుంది, మధ్యలో అంతా బిగుసుకుపోతుంది. వైరస్ అనుకుని స్కాన్ మొదలుపెట్టేస్తారు. స్కాన్ అంటే డిస్కు మొత్తం చదివించడం. ఆగండి, ముందు డిస్కు నాడి చూడాలి.

ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి తనే లెక్క రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ లెక్క చూపిస్తుంది. ఇన్‌స్టాల్ అవసరం లేని రకాన్ని వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకుని అక్కడి నుంచే నడపండి. పొడుగాటి పట్టికలో హార్డ్ డిస్కుకైతే చూడాల్సిన వరుసలు నాలుగే. 05 అంటే చెడిపోయి పక్కనపెట్టిన గళ్లు, అంటే డిస్కు మీద డేటా రాసుకునే చిన్న చిన్న చోట్లు. సీ5 అంటే చదవలేక వాయిదాలో ఉన్నవి. సీ6 అంటే ఇక చదవలేమని తేల్చినవి. ఈ మూడింటి చివరి అంకెలు సున్నాలైతే సంతోషం. సీ5 సున్నా కాకుండా, చూసినప్పుడల్లా పెరుగుతుంటే ఆ డిస్కుకు రోజులు దగ్గరపడ్డాయి. నాలుగోది సీ7. అదొక్కటే పెరుగుతూ మిగతావి సున్నాలుగా ఉంటే తప్పు డిస్కుది కాదు, ఎక్కువసార్లు తీగది. ఇది తెలియక మంచి డిస్కులను పారేసినవాళ్లున్నారు.

తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచుకునే ఎస్‌ఎస్‌డీలు వేరే జాతి. చప్పుడు ఉండదు, చాలాసార్లు హెచ్చరికా ఉండదు. నిన్న ఉంటుంది, ఇవాళ బయాస్‌లో పేరే ఉండదు.

ఫైళ్లు బయటికి తీయడం

తెచ్చుకోవాల్సిన సరంజామా: ఫైళ్లన్నీ పట్టే ఖాళీ బయటి డిస్కు ఒకటి, లోపలున్నదంతా చెరిగిపోయినా ఫరవాలేదనుకునే 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి. బయటి డిస్కు ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉండాలి. ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన పెళ్లి వీడియో దగ్గర అటకాయించి ఆగిపోతుంది.

నాకు నచ్చిన దారి లినక్స్ మింట్, విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. వేరే కంప్యూటర్‌లో దాన్ని దింపుకుని, రూఫస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. జబ్బుపడ్డ సిస్టమ్‌కు ఆ పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆన్ చేస్తూ బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవో, గిగాబైట్‌లకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఏసస్ బోర్డులకు ఎఫ్8, ఎంఎస్‌ఐకి ఎఫ్11. పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే ఐదు నిమిషాల్లో ఒక పూర్తి డెస్క్‌టాప్ తెర మీదకు వస్తుంది. అదంతా ర్యామ్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ నడుస్తోంది, మీ డిస్కు జోలికి వెళ్లలేదు. తెర మీద ‘ఇన్‌స్టాల్ లినక్స్ మింట్’ అన్న బొమ్మ ఊరిస్తూ కనిపిస్తుంది. దాన్ని నొక్కకండి. నొక్కి ముందుకు వెళ్తే డిస్కును చెరిపేసే ప్రశ్నల దాకా వెళ్తారు.

కంప్యూటర్ బొమ్మ తెరిస్తే మీ డ్రైవులు పేర్లతో కనిపిస్తాయి. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉండిపోయిన డ్రైవును లినక్స్ చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. హెచ్చరిక చూసి కంగారుపడకండి, మనకు కావలసింది కూడా చదవడమే.

తాళం బొమ్మతో డ్రైవు కనిపించి పాస్‌వర్డ్ అడిగితే అది బిట్‌లాకర్. నేను ఎప్పుడూ పెట్టలేదే అంటారు. విండోస్ 11 చాలా సిస్టమ్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే దానంతట అదే తాళం వేసేస్తుంది. తాళంచెవి 48 అంకెల రికవరీ కీ. ఫోనులో మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, డివైసుల కింద వెతికితే ఎక్కువమందికి దొరుకుతుంది. అది దొరక్కపోతే ఏ షాపూ ఏ ల్యాబూ ఆ డ్రైవు తెరవలేదు. తెరుస్తామన్నవాళ్లకు డబ్బు ఇవ్వకండి.

రెండో దారి, డిస్కును ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలించడం. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే తీగ దొరుకుతుంది. ల్యాప్‌టాప్ సైజు చిన్న డిస్కుకు యూఎస్‌బీ కరెంటు చాలు. డెస్క్‌టాప్ పెద్ద డిస్కుకు 12 వోల్టుల అడాప్టర్ ఉన్న తీగే కొనాలి. లేకపోతే డిస్కు తిరగక, అది పోయిందని మీరు అనుకుంటారు. బోర్డుకు అంటుకుని ఉండే పట్టీలాంటి ఎం.2 ఎస్‌ఎస్‌డీలకు వేరే డబ్బా కావాలి, అందులోనూ ఎన్‌వీఎంఈ, సాటా అని రెండు రకాలున్నాయి.

మూడోది చేతిలో బయటి డిస్కు తప్ప ఇంకేమీ లేనివాళ్ల దారి. విండోస్ వరుసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే రిపేరు తెర తనే వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఎంపికల్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని టైపు చేయండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ‘అన్ని ఫైళ్లు’ ఎంచుకుంటే మీ డ్రైవులన్నీ ఆ కిటికీలోంచే కనిపిస్తాయి. ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి కాపీ చేసి, బయటి డిస్కులో పేస్ట్ చేయండి. ఎంత కాపీ అయిందో చూపించే గీత రాదు, అయిపోయేదాకా ఓపిక పట్టాలి. డ్రైవుల అక్షరాలు ఇక్కడ మారి ఉండొచ్చు కాబట్టి సీ కోసం కాక, లోపలున్న ఫోల్డర్లను చూసి పోల్చుకోండి.

ఏది ముందు?

పెద్దవి కాదు, మళ్లీ పుట్టించలేనివి ముందు. సినిమాలు ఎప్పుడైనా దొరుకుతాయి. సీ డ్రైవులో యూజర్స్, దాని కింద మీ పేరు, అందులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్. డౌన్‌లోడ్స్‌ను వదలకండి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, మార్కుల మెమో స్కాన్లు మన దగ్గర ఎప్పుడూ అక్కడే పేరుకుపోతాయి. అవుట్‌లుక్ వాడేవాళ్లు తమ మెయిళ్లు ఉండే పీఎస్‌టీ ఫైలు చూసుకోవాలి. క్రోమ్‌లో దాచుకున్న పేజీల జాబితా యూజర్స్ కింద దాపుడుగా ఉండే యాప్‌డేటా ఫోల్డర్ లోతుల్లో ఉంటుంది. పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ విండోస్ ఖాతాకు ముడిపడి ఉంటాయి, ఫైలు కాపీ చేసినంతమాత్రాన రావు.

వ్యాపారులు టాలీ డేటాను మరవకూడదు. పాత ఈఆర్‌పీ 9 అయితే ఎక్కువగా సీ డ్రైవులో టాలీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనూ, టాలీప్రైమ్ అయితే యూజర్స్‌లోని పబ్లిక్ కిందా డేటా అనే ఫోల్డర్ ఉంటుంది. లోపల 10000 లాంటి అంకెలే పేర్లుగా కనిపించేవి ఒక్కొక్కటీ ఒక్కో కంపెనీ పద్దు. పేరు చూసి చెత్త అనుకోకండి.

డీటీపీ సెంటర్లవాళ్లకు ఇంకో మాట. పేజ్‌మేకర్ ఫైళ్లు మొత్తం వచ్చేసినా, వాటిలో వాడిన ‘అను’ ఫాంట్లు కొత్త సిస్టమ్‌లో లేకపోతే శుభలేఖ తెరవగానే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలను కూర్చోబెట్టుకున్నవి. ఫైలు పాడైందని ఒకాయన ఏడేళ్ల పని చెరిపేయబోతుంటే ఆపాల్సి వచ్చింది. విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా పూర్తిగా కాపీ చేసుకోండి.

కాపీ మధ్యలో ఒక ఫైలు దగ్గర ఆగిపోతే ‘స్కిప్’ అని ముందుకు పోండి. దాన్ని పట్టుకుని వేలాడితే మిగతావి పోతాయి. మంచి డిస్కు అయితే 1 టీబీ చదవడానికి మూడు గంటలు చాలు, చిన్న ఫైళ్లు ఎక్కువుంటే ఇంకాస్త. గంటకు పది ఫోటోలు వస్తున్నాయంటే ఆపేయండి. ఫైళ్లుగా తీసే కాలం దాటిపోయింది.

చదవలేని డిస్కుకు నకలు

ఇక్కడ వాడేది జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని లినక్స్‌లో ఎక్కించుకోవాలి, ఇంటర్నెట్ ఉంటే నిమిషం పని. ఇది ఫైళ్లను చూడదు, డిస్కును మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఉన్నది ఉన్నట్టు మరో డిస్కులోకి దించుతుంది. తెలివి దేనిలోనంటే, మొరాయించిన చోటును వదిలి ముందుకు దూకి, సులభంగా వచ్చేదంతా ముందు లాగేస్తుంది. కష్టమైన చోట్లకు చివర్లో తిరిగొస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా ఆగినచోట నుంచే సాగుతుంది. ఆ మ్యాప్ ఫైలును పెన్‌డ్రైవ్ నడుస్తున్న తాత్కాలిక చోట కాకుండా మూడో డిస్కులోనో మరో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టండి.

నకలు దించే డిస్కు అసలు దానంత లేదా అంతకంటే పెద్దది కావాలి. 1 టీబీ డిస్కులో 200 జీబీయే నిండి ఉన్నా 1 టీబీ చోటు కావాల్సిందే. దానిలో ఉన్నవన్నీ చెరిగిపోతాయి.

కమాండ్‌లో మూడు చెప్పాలి: ముందు జబ్బు డిస్కు, తర్వాత కొత్త డిస్కు, చివర మ్యాప్ ఫైలు. మొదటి రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వెళ్లి మీ ఫైళ్ల మీద పరుచుకుంటుంది. వెనక్కి తీసుకునే మీట లేదు. లినక్స్ డిస్కులను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పిలుస్తుంది, సిస్టమ్ మళ్లీ ఆన్ చేస్తే ఆ పేర్లు అటూ ఇటూ మారవచ్చు. అందుకే ‘డిస్క్స్’ అనే పరికరం తెరిచి, అందులో చూపే సీరియల్ నంబరును డిస్కు మీద అంటించిన కాగితంతో పోల్చి, కాగితం మీద రాసుకుని, అప్పుడు ఎంటర్ నొక్కండి. నేను ఇప్పటికీ బయటికి చదివి మరీ నొక్కుతాను. ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.

మొదటి దఫాలో చెడ్డ చోట్లను గీకవద్దని చెప్పే ఎంపికతో నడపండి. రెండో దఫాలో మూడుసార్లు ప్రయత్నించమనండి. డిస్కు పక్కన ఒక టేబుల్ ఫ్యాను పెట్టండి. ఒక రాత్రి పట్టవచ్చు, మూడు రోజులూ పట్టవచ్చు. నకలు అయ్యాక అసలు డిస్కును తీసి పక్కనపెట్టేయండి. చెక్ డిస్క్ గానీ, మరే ప్రయోగం గానీ ఇప్పుడు ఆ నకలు మీద చేసుకోండి.

చెరిపేసినవి, ఫార్మాట్ అయినవి

డిస్కు ఆరోగ్యంగానే ఉంది, మనమే చెరిపేశాం. హార్డ్ డిస్కులో చెరపడమంటే విషయసూచికలో పేరు కొట్టేయడమే, పేజీ చింపడం కాదు. దాని మీద కొత్తది రాయనంతవరకు పాతది ఉంటుంది. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత పరికరం పోయిన పార్టిషన్‌ను (డిస్కులో విడగొట్టిన భాగాన్ని), చెరిపిన ఫైళ్లను పేర్లతో సహా తేగలదు. దానికి దొరకనప్పుడు దాని తోబుట్టువు ఫోటోరెక్. ఇది సూచికను పట్టించుకోకుండా ఫైలు మొదట్లో ఉండే గుర్తులను బట్టి ఏరుతుంది, అందువల్ల పేర్లూ ఫోల్డర్లూ పోతాయి. వేల ఫోటోలు అంకెల పేర్లతో కుప్పగా పడతాయి, కూర్చుని ఏరుకోవాలి. ఏరినవి దాచేది మాత్రం వేరే డిస్కులోనే.

ఎస్‌ఎస్‌డీలో ఆశ తక్కువ. ఫైలు చెరిపామని విండోస్ ట్రిమ్ అనే ఆదేశం ద్వారా ఎస్‌ఎస్‌డీకి చెప్పేస్తుంది, అది ఆ చోటును నిజంగానే తుడిచేస్తుంది. చెరిపిన మరుక్షణమే కరెంటు తీసేస్తే కొంత అవకాశం, అంతే.

చేతులెత్తాల్సిన చోటు

టక్ టక్ చప్పుడు, కింద పడిన డిస్కు, నీళ్లలో మునిగిన డిస్కు, బయాస్‌కు ఏ తీగతోనూ కనిపించని డిస్కు: ఇవి ఇంటి వైద్యానికి లొంగవు. డిస్కు మూత విప్పితే లోపలికి వెళ్లే ఒక్క దుమ్ము రేణువు ఆ ముల్లుకు కొండంత. డేటా రికవరీ ల్యాబులు దుమ్ము లేని గదిలో ముల్లు మార్చి చదువుతాయి. ఖర్చు వేలల్లో ఉంటుంది. అడగాల్సినవి మూడే: ఫైళ్లు రాకపోతే డబ్బు తీసుకుంటారా, ఏ ఫైళ్లు దొరికాయో జాబితా ముందే చూపిస్తారా, డిస్కును మీ దగ్గరే విప్పుతారా వేరే ఊరికి పంపుతారా. ఏ షాపులోనైనా సిస్టమ్ దింపేటప్పుడు రసీదు మీద ‘డేటా కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయవద్దు’ అని రాయించి, ఫోటో తీసుకోండి. రాయనంటే పెట్టెను అక్కడ వదలకండి, లేదా డిస్కు ఊడదీసుకుని మిగతాది ఇవ్వండి.

ఫైళ్లు చేతికొచ్చాక

పేర్లు కనిపించాయని సంబరపడకండి. ఒక్కో ఫోల్డర్‌లో నాలుగైదు తెరిచి చూడండి. ఫోటో సగం వచ్చి కింద బూడిద రంగు పట్టీ కనిపిస్తే, ఆ ఫైలు చెడిన గడి మీద ఉంది. వీడియోను చివరిదాకా జరిపి చూడండి. టాలీ డేటాను వేరే సిస్టమ్‌లో తెరిచి నిన్నటి నిల్వ సరిపోతుందో లేదో చూసుకోండి. తర్వాత ఆ ఫైళ్లకు మరో చోట ఇంకో కాపీ తీయండి, ఎందుకంటే ఈ క్షణాన మంచి కాపీ మీ దగ్గర ఒక్కటే ఉంది.

ఇప్పుడు రిపేరు. సీ5 సున్నా కాని డిస్కులో మళ్లీ విండోస్ వేయకండి, షాపువాళ్లు ‘ఇంకో ఏడాది లాగుతుంది’ అన్నా సరే. చిన్న ఎస్‌ఎస్‌డీ కొని దానిలో విండోస్ వేసుకోండి. విండోస్ 10కు మామూలు భద్రతా మరమ్మతులు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, కాబట్టి ఎలాగూ కొత్తగా వేస్తున్నప్పుడు మీ సిస్టమ్ విండోస్ 11ను మోయగలదో లేదో చూసుకోండి. మోయలేకపోతే, ఇందాక పెన్‌డ్రైవ్‌లో నడిచిన మింట్ పాత సిస్టమ్‌లకు బాగానే నప్పుతుంది.

పాత డిస్కును వెంటనే పాత సామాన్లవాడికి వేయకండి. ఒక సంచిలో చుట్టి, తేదీ రాసి ఆరు నెలలు బీరువాలో ఉంచండి. నాలుగో నెలలో ఎవరికో ఒకరికి ‘అమ్మమ్మ షష్టిపూర్తి వీడియో ఏదీ?’ అని గుర్తొస్తుంది. ఆరు నెలలూ ఎవరూ ఏమీ అడగకపోతే, డ్రిల్లింగ్ మిషన్ ఉన్న వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి పళ్లెం గుండా మూడు రంధ్రాలు వేయించండి. లోపల మీ ఆధార్ స్కాన్లు ఇంకా ఉన్నాయి.